స్టాండు లేని సైకిల్



ఈ నెల ఈ పేజీ రాసే వంతు నాకు వచ్చింది. నేను ఐదో తరగతికి సైన్సు, ఇంగ్లీషు చెప్తాను. సంక్రాంతి సెలవుల తర్వాత మీ పిల్లలు సాక్సుల నిండా ఎర్రమట్టి, చేతుల నిండా చెయిన్ గ్రీజు పెట్టుకొని ఇంటికి వస్తున్నారని మీలో చాలామంది డైరీలో రాశారు. ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి గట్టిగానే అడిగారు. ఆ మట్టి, ఆ గ్రీజు ఎక్కడివో మొదటినుంచి చెప్తాను. పేరెంట్స్ మీటింగులో చెప్పలేకపోయిన విషయం ఒకటుంది, దాన్నీ చెప్తాను.

డిసెంబరులో పిల్లలకు ‘అడాప్టేషన్’ పాఠం అయిపోయింది. తెలుగు సైన్సు పుస్తకాల్లో దీన్ని అనుకూలనం అంటారు. ఒక ప్రాణి తానున్న చోట బతకడానికి వీలుగా తరతరాలుగా మారుతూ రావడమే అనుకూలనం. పరీక్షలో ఉదాహరణలు రాయమంటే 32 మందీ ఒంటె, ధ్రువపు ఎలుగుబంటి అనే రాశారు. అందరికీ మార్కులు వేశాను. పేపర్లు ఇచ్చిన రోజు ఊరికే అడిగాను, ఒంటెను ఎంతమంది చూశారని. చాలా చేతులు లేచాయి. ఎగ్జిబిషన్‌లో ఎక్కారట. శెనక్కాయ చెట్టును దగ్గరగా చూసినవాళ్ళు ఎంతమంది అంటే తొమ్మిది చేతులే లేచాయి. కాయలు కొమ్మకు కాస్తాయా, నేలలో కాస్తాయా అని అడిగితే క్లాసు రెండు పార్టీలుగా చీలిపోయింది.

మీకు నవ్వు రావచ్చు, నాకూ వచ్చింది. కానీ మనం ఉన్నది అనంతపురంలో. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా అని మన జిల్లాకు పేరు. ఏడాది మొత్తానికి పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే బరువు దించుకొని వస్తాయి. ఈశాన్య రుతుపవనాలు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి నీరసించిపోతాయి. అలాంటి నేల మీద బతికే ప్రతి చెట్టూ అనుకూలనం పాఠంలో ఒక పేజీయే. ఆ పేజీలు మన స్కూలు కాంపౌండు గోడ అవతలే ఉన్నాయి. మేము మాత్రం రాజస్థాన్ దాకా, ఉత్తర ధ్రువం దాకా వెళ్ళి వస్తున్నాం.

మరుసటి రోజు పిల్లల్ని గోడ అవతలికి తీసుకెళ్ళాను. తుమ్మకు ఆకులు ఎందుకంత చిన్నవో చూశాం. ఆకు చిన్నదైతే ఆవిరయ్యే నీరు తక్కువ. నాగజెముడుకు మనం ఆకులనుకునేవి నిజానికి కాండాలు, ముళ్ళుగా మారినవి ఆకులు. సీతాఫలం చెట్టు ఎండాకాలం ముందే ఆకు రాల్చేసి, వాన వాసన తగిలేదాకా ఖర్చు తగ్గించుకుంటుంది. శెనక్కాయ పువ్వు పైన పూస్తుంది, ఆ తర్వాత ఊడ నేలలోకి దిగి కాయ మట్టిలో ఊరుతుంది. వాన లేనప్పుడు మిట్టమధ్యాహ్నం దాని ఆకులు రెక్కలు ముడిచినట్టు ముడుచుకొని ఎండను తప్పించుకుంటాయి. ఈ సంగతి మన రైతులు పుస్తకం చదివి తెలుసుకోలేదు. ముడుచుకున్న ఆకును చూసే చేనుకు ఎంత దాహంగా ఉందో చెప్పేస్తారు.

అప్పుడు రెండు జడల అమ్మాయి ఒకతె అడిగింది: “మరి మనుషులు, మిస్? మనకు ముళ్ళు లేవు, మూపురం లేదు. మనం ఎట్లా బతుకుతున్నాం ఇక్కడ?”

జవాబు నోటితో చెప్పి ఊరుకోవచ్చు. కానీ వాళ్ళ ఒంట్లోనే జరిగేదాన్ని వాళ్ళే చూసుకుంటే బాగుంటుందనిపించింది. సైకిల్ ఆలోచన అలా పుట్టింది. మన గ్రౌండు చుట్టూ ఒక రౌండు 250 మీటర్లు. మన ఊరి నుంచి కన్యాకుమారి రమారమి 870 కిలోమీటర్లు. రోజూ కొన్ని రౌండ్లు తొక్కుతూ క్లాసంతా కలిసి గోడ మీది మ్యాపులో కన్యాకుమారి చేరాలన్నది లెక్క. ఒక్కో కిలోమీటరుకు ఇంటి నుంచి పది రూపాయలు. ఆ డబ్బుతో, మీ ఇళ్ళలో మూలన పడి ఉన్న పాత సైకిళ్ళు బాగుచేయించి దూరం నుంచి నడిచి వచ్చే ప్రభుత్వ హైస్కూలు ఆడపిల్లలకు ఇవ్వాలనుకున్నాం. ఎవరెక్కువ ఇచ్చారన్న పోటీ రాకూడదని అన్ని ఇళ్ళకూ ఒకటే రేటు పెట్టాను. ప్రిన్సిపల్ సార్ ఒప్పుకున్నారు. ఇంతవరకు మీకు పంపిన సర్క్యులర్‌లో ఉన్నదే.

సర్క్యులర్‌లో లేనిది మొదటి రోజు జరిగింది. టైంటేబుల్‌లో ఖాళీ దొరికిందని పదకొండు గంటల పీరియడ్‌లో మొదలుపెట్టాను. జనవరే కదా, చలికాలమే కదా అనుకున్నాను. మూడో బ్యాచ్‌లో ఒక పాపకు కళ్ళు తిరిగాయి. నీడకు తెచ్చి, నీళ్ళు తాగించి, మెడ మీద తడిగుడ్డ వేస్తే పది నిమిషాల్లో తేరుకుంది. ఆ పది నిమిషాలూ నేను ఎలా ఉన్నానో నాకే తెలుసు. ఆ సాయంత్రమే ఒక నాన్నగారు ఫోన్ చేశారు. “మేడమ్, మేము ఫీజు కట్టేది పిల్లలతో ఎండలో సైకిల్ తొక్కించడానికా?” అన్నారు. ఆయనకు ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేదు. ఎండ సంగతిలో న్యాయం ఆయన వైపే ఉంది. పల్లెలో పుట్టి పెరిగినదాన్ని, మా అవ్వ చేనికి ఏ వేళప్పుడు పోయేదో, ఏ వేళకు తిరిగొచ్చేదో చూసినదాన్ని, ఆ మాత్రం తెలియకపోవడం నా తప్పు. మరుసటి రోజు నుంచి సైకిళ్ళు పొద్దున ఏడూ ముప్పావుకే గ్రౌండులోకి వచ్చాయి. ప్రతి బ్యాచ్ మధ్య నీళ్ళు, నీడలో విశ్రాంతి తప్పనిసరి చేశాం.

ఆ తప్పు వల్లే పాఠం ఇంకాస్త లోతుకు వెళ్ళింది. మన ఒళ్ళు వేడికి అలవాటు పడుతుంది, కానీ ఒక్క రోజులో కాదు. రోజూ కొంచెం కొంచెంగా శ్రమ పెంచితే వారం నుంచి రెండు వారాల్లో మార్పు కనిపిస్తుంది. చెమట త్వరగా పట్టడం మొదలవుతుంది. చెమటతో బయటికి పోయే ఉప్పు తగ్గుతుంది. అదే పనికి గుండె ముందుకన్నా తక్కువ సార్లు కొట్టుకుంటుంది. ఇది తుమ్మచెట్టు అనుకూలనంలాంటిది కాదు. తుమ్మది వేల తరాల మార్పు, మనది రెండు వారాల అలవాటు, మానేస్తే పోతుంది కూడా. ఈ తేడా చాలా పుస్తకాల్లో ఒక్క వాక్యంలో అయిపోతుంది. మీ పిల్లలు దాన్ని మణికట్టు మీద వేలు పెట్టి, నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో రాసుకొని తెలుసుకున్నారు. మొదటి వారం తలా నాలుగు రౌండ్లు, రెండో వారం ఆరు, మూడో వారం ఎనిమిది. మొదటి వారం నాలుగు రౌండ్లకు ఎగిరిపడిన నాడి మూడో వారం ఎనిమిది రౌండ్లకూ అంత ఎగిరిపడలేదు. చార్టు ఇంకా క్లాసు గోడకే ఉంది, వచ్చి చూడవచ్చు.

పిల్లలకు దూరం మీద ఆశ పుట్టింది. ఎంత దూరం తొక్కగలరు మిస్ మనుషులు అని రోజూ అడిగేవాళ్ళు. బెంగళూరులోనూ హైదరాబాదులోనూ ఉన్న సైకిల్ క్లబ్బుల గురించి చెప్పాను. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 600 కిలోమీటర్లు నలభై గంటల్లో పూర్తి చేయాలి. ముందొచ్చినవాళ్ళకు బహుమతి లేదు, ర్యాంకు లేదు, గడువులోగా చేరితే చాలు. ర్యాంకు లేదనగానే వెనక బెంచీలో ఇద్దరు ముగ్గురి ముఖాలు వెలిగాయి. ఆ వెలుగును నేను మర్చిపోలేదు.

తర్వాత ఆదిత్య మెహతా గురించి చెప్పాను. హైదరాబాదు యువకుడు. రోడ్డు ప్రమాదంలో ఒక కాలు పోయింది. ఆ తర్వాత సైకిల్ నేర్చి, 2013 ఆసియా పారా సైక్లింగ్ పోటీల్లో రెండు రజత పతకాలు తెచ్చారు. తన పేరుతోనే ఒక ఫౌండేషన్ పెట్టి, అవయవాలు కోల్పోయినవారికి క్రీడల్లో శిక్షణ ఇప్పిస్తున్నారు. అందుకు కావలసిన నిధుల కోసం ‘ఇన్ఫినిటీ రైడ్’ పేరుతో దూర సైకిల్ యాత్రలు చేస్తున్నారు. 2020లో ఆ యాత్ర కాశ్మీర్ నుంచి కన్యాకుమారి దాకా సాగింది. మధ్యప్రదేశ్ అమ్మాయి తాన్యా డాగా అందులో ఒంటికాలితో తొక్కింది. పారా సైక్లింగ్‌లో సైకిళ్ళు అన్నీ ఒకలా ఉండవు. కాళ్ళు పనిచేయనివారికి చేతులతో తిప్పే సైకిల్, చూపు లేనివారికి ముందు ఒకరు వెనక ఒకరు కూర్చునే జంట సైకిల్, నిలదొక్కుకోలేనివారికి మూడు చక్రాలది. “అంటే సైకిలే మనిషికి అడాప్ట్ అయింది, మిస్!” అన్నాడు ముందు బెంచీ అబ్బాయి. వెరీగుడ్ అన్నాను. ఆ మాట విలువ నాకు కూడా పూర్తిగా తెలియలేదని రెండు వారాల తర్వాత బయటపడింది.

ఈలోగా మీరు పంపిన పాత సైకిళ్ళు పద్నాలుగు వచ్చాయి. పాతూరులో సైకిల్ షాపు నడిపే ఒక పెద్దాయన శనివారాలు స్కూలుకు వచ్చి పిల్లలకు పని నేర్పాడు. కూలి ఇవ్వబోతే పుచ్చుకోలేదు. పిల్లలు ఆయన్ను తాతా అన్నారు. పంచర్ ఎక్కడుందో ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూసి పట్టడం, గరుకు కాగితంతో రుద్ది సొల్యూషన్ పూసి, అది ఆరేదాకా ఓపిక పట్టి అతుకు వేయడం, చెయిన్‌కు ఆయిలు పెట్టడం, బ్రేకు కట్టలు మార్చడం నేర్చుకున్నారు. “తొందరపడితే అతుకు నిలబడదు నాయనా” అని ఆయన పదిసార్లు అని ఉంటాడు. పద్నాలుగింటిలో తొమ్మిది నడిచే స్థితికి వచ్చాయి. మిగతా ఐదింటి భాగాలు ఆ తొమ్మిదింటికి ఉపయోగపడ్డాయి.

మూడు వారాలు పూర్తయ్యేసరికి మా లెక్క 864 కిలోమీటర్లు. జ్వరం వచ్చి రానివాళ్ళ రౌండ్లు స్నేహితులు తొక్కిపెట్టారు. సైకిల్ రాని ఒక బాబు మొదటి వారమంతా తన రౌండ్లు నడిచాడు. “నడిచినవి కూడా కిలోమీటర్లేనా మిస్?” అని భయంభయంగా అడిగాడు. కిలోమీటర్లేనని క్లాసంతా ఓటు వేసింది. మూడో వారానికి అతనూ తొక్కాడు. మిగిలిన ఆరు కిలోమీటర్లు బస్సు డ్రైవరన్న, ఆయమ్మ, వాచ్‌మన్ తాత, నేను పంచుకున్నాం. ఆయమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకొని నాలుగు రౌండ్లు తొక్కినప్పుడు వచ్చిన చప్పట్లు స్పోర్ట్స్ డే నాడు కూడా నేను వినలేదు. మొత్తం 870 కిలోమీటర్లు, 8,700 రూపాయలు.

ఇక అసలు విషయానికి వస్తాను.

ఫిబ్రవరిలో ఒక శనివారం ఐదు సైకిళ్ళతో మొదటి విడతగా ఒక పల్లె హైస్కూలుకు వెళ్ళాం. మనవాళ్ళు సైకిళ్ళకు రిబ్బన్లు కట్టారు. మెరిసే రంగులు, గేర్లు, సన్నటి మడ్‌గార్డులు. అక్కడి హెచ్‌ఎం మేడమ్ సంతోషించారు, ఫోటోలు తీశాం. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె తనకిచ్చిన సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. గోడకు ఆనించబోయింది, జారిపోయింది. మళ్ళీ ఆనించింది. తర్వాత నా దగ్గరికి వచ్చి ఎవరికీ వినపడకుండా అడిగింది: “మేడమ్, దీనికి స్టాండు లేదా?”

లేదు. ఆటకు తొక్కే గేరు సైకిల్ అది. పని అయ్యాక గడ్డిలో పడేస్తారు, లేదంటే పార్కింగులో గోడకు ఆనిస్తారు. దానికి క్యారియర్ లేదు, పుస్తకాల సంచి ఎక్కడ పెట్టుకోవాలి? చెయిన్‌కు కవర్ లేదు, యూనిఫాం చున్నీ ఎక్కడ చుట్టుకుంటుందో? ఆ అమ్మాయి ఇవేమీ అడగలేదు. స్టాండు ఒక్కటే అడిగింది, అదీ సిగ్గుపడుతూ. పక్కనే ఉన్న మన పిల్లలు విన్నారు.

తిరుగు ప్రయాణంలో బస్సు మూగబోయింది. అంత్యాక్షరి లేదు, గొడవ లేదు. సగం దూరం వచ్చాక ముందు బెంచీ అబ్బాయే అన్నాడు: “మనం వాళ్ళను ఏమీ అడగలేదు కదా మిస్.”

ఆ మాట వాడికి ఎంత తగిలిందో గానీ నాకు మాత్రం గట్టిగా తగిలింది. ఎందుకో ఇప్పుడు చెప్తాను.

2010లో నేను ఎనిమిదో తరగతి. మా ఊరి నుంచి హైస్కూలు ఐదు కిలోమీటర్లు. మా నాన్న కౌలు రైతు. మా జిల్లాలో ఆడపిల్లలకు సైకిళ్ళు ఇచ్చిన సంస్థలు ఉన్నాయి. 1969లో విన్సెంట్ ఫెర్రర్ దంపతులు ఇక్కడ మొదలుపెట్టిన ఆర్డీటీ కూడా హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ళు ఇచ్చింది. తర్వాతి రోజుల్లో ప్రభుత్వమూ ఇచ్చింది. నాకు వచ్చింది వాళ్ళ నుంచి కాదు. ఒక పెద్దమనిషి తన తల్లి పేరు మీద నలుగురు పిల్లలకు కొనిచ్చారు. మంచి మనసుతోనే ఇచ్చారు. నాకు దక్కినది మగవాళ్ళు తొక్కే పెద్ద సైకిల్, మధ్యలో అడ్డకడ్డీ. సీటు నా ఛాతీ ఎత్తున ఉండేది. దాని పక్కన నిలబెట్టి ఫోటో తీశారు, నేను నవ్వాను. ఆ తర్వాత మూడు నెలలు ఆ సైకిల్‌ను నేను తొక్కలేదు. దాన్ని నడిపించుకుంటూ బడికి వెళ్ళేదాన్ని. ఇంట్లో వదిలేసి వెళ్తే ఇచ్చినాయన చూస్తే బాధపడతాడని మా అమ్మ ఒప్పుకునేది కాదు. చివరికి మా నాన్న పెడళ్ళకు చెక్కముక్కలు కట్టి, సీటు పూర్తిగా కిందికి దించాడు. కడ్డీ కింద నుంచి కాలు దూర్చి సగం సగం తొక్కుతూ నేర్చుకున్నాను. మోకాళ్ళ మీద మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి.

ఆ సైకిలే నన్ను పదో తరగతి దాటించింది. మా ఊళ్ళో నా ఈడు ఆడపిల్లలు ఏడో తరగతితో ఆగిపోయినవాళ్ళు ఉన్నారు. దూరమే వాళ్ళను ఆపింది. బీహార్ ప్రభుత్వం 2006లో హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ళు ఇచ్చాక ఏమైందో కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. సరైన వయసులో హైస్కూల్లో చేరిన ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగింది. బడి మూడు కిలోమీటర్ల కన్నా దూరం ఉన్న ఊళ్ళలోనే ఆ పెరుగుదల ఎక్కువ. బీఈడీలో ఉండగా ఆ లెక్క గురించి చదివినప్పుడు ఆ శాతంలో నన్ను నేను వెతుక్కున్నాను. కాబట్టి ఆ దాతను ఒక్క మాట అనను. ఆయన లేకపోతే నేను మీ పిల్లలకు మిస్‌ని కాను.

కానీ ఈ సంగతి ఇక్కడ చేరిన ఈ నాలుగేళ్ళలో నేను ఎవరికీ చెప్పలేదు. ఇంగ్లీషు మీడియం స్కూలు, ఫీజు కట్టే తల్లిదండ్రులు. ‘ఈ టీచరు దానం సైకిల్ మీద చదువుకుందంట’ అని మీలో ఎవరైనా అనుకుంటారేమోనని మాట ఎప్పుడూ పక్కకు తప్పించేదాన్ని. ఆ రోజు బస్సులో, మీ పిల్లల ముందు, మొదటిసారి చెప్పాను. చెక్కముక్కల సంగతి కూడా చెప్పాను. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత రెండు జడల అమ్మాయి అడిగింది: “మీకు తెలుసు కదా మిస్, మరి మీరెందుకు ముందే వాళ్ళను అడగలేదు?”

నా దగ్గర జవాబు లేదు. పుచ్చుకున్న చేతిగా నాకు తెలిసినదాన్ని, ఇచ్చే చేయి కాగానే మర్చిపోయాను. రిబ్బన్లు కట్టే తొందరలో ఉన్నాను, ఫోటో తొందరలో ఉన్నాను. తప్పయిపోయిందమ్మా అన్నాను. పిల్లల ముందు టీచరు ఆ మాట అనడం మంచిదా కాదా అని మీరు ఆలోచించవచ్చు. నేనైతే అన్నాను.

సోమవారం పిల్లలు ఒక ప్రశ్నల కాగితం తయారుచేశారు. నేను ఒక్క ప్రశ్న కూడా చెప్పలేదు. మీ ఎత్తు ఎంత? బడికి ఎంత దూరం? దారి తారా, మట్టా, కంకరా? సైకిల్ మీద ఏమేం మోస్తారు? ఇంట్లో ఇంకెవరు తొక్కుతారు? చీకటి పడ్డాక వస్తారా? అక్కడి అమ్మాయిలు రాసిన జవాబులు చదివితే ఒక్కో ఇల్లు కళ్ళముందు కనిపించింది. పొద్దున నాన్న పాలు పోయడానికి తీసుకెళ్తాడు. తమ్ముడు వెనక కూర్చుంటాడు. దారి పొడవునా తుమ్మముళ్ళు, వారానికి రెండు పంచర్లు. ఒక అమ్మాయి రాసింది, సాయంత్రం బోరు దగ్గరి నుంచి నీళ్ళ బిందె క్యారియర్ మీద కట్టి తెస్తానని.

మా డబ్బు 8,700 ఖర్చయింది దాని మీదే. తాత సలహాతో స్టాండ్లు, క్యారియర్లు, చెయిన్ కవర్లు కొన్నాం. రెండింటికి మందపాటి టైర్లు మార్చాం. ముందు ఇచ్చిన ఐదింటినీ వెనక్కి తెచ్చి బాగుచేసి, తొమ్మిదీ కలిపి ఎత్తుల ప్రకారం మళ్ళీ పంచాం. సీట్లు ఎవరికి ఎంత ఎత్తులో ఉండాలో అక్కడికక్కడే స్పానర్‌తో మన పిల్లలే సరిచేశారు. ఒక్కో సైకిల్‌తో ఒక పంచర్ డబ్బా ఇచ్చాం. అతుకు వేయడం మన ఐదో తరగతివాళ్ళు ఎనిమిదో తరగతి అక్కలకు చూపించారు. మీరు అడిగే ఆ గ్రీజు అక్కడిదే. ఈసారి ఫోటో తీయలేదు. అందుకే ఈ పేజీలో ఫోటో లేదు.

మన పెద్దలు అంటారు, పాత్రమెరిగి దానం, క్షేత్రమెరిగి విత్తనం అని. పాత్రత అంటే యోగ్యత అని, యోగ్యులకే ఇవ్వాలని నేను అనుకునేదాన్ని. ఇప్పుడు ఇంకోలా అర్థమవుతోంది. మన చేనులో ఏది బతుకుతుందో తెలియకుండా విత్తితే తప్పు నేలది కాదు. తీసుకునేవారి దారి ఎలాంటిదో తెలియకుండా ఇస్తే తప్పు తీసుకునేవారిది కాదు. నేను చెక్కముక్కలు కట్టుకొని సైకిల్‌కు అలవాటు పడ్డాను. ఒళ్ళు అలవాటు పడుతుంది, పిల్లలు అలవాటు పడతారు, పేదవాళ్ళు అన్నింటికీ అలవాటు పడతారని మనం తేలిగ్గా అనేస్తాం. కానీ ఇచ్చేది మన చేతిలో ఉన్నప్పుడు, మారాల్సింది మనం ఇచ్చే వస్తువు. ఐదో తరగతి పాఠంలో మేము చివరగా రాసుకున్న పాయింటు ఇదే. అది పరీక్షలో రాదు.

ఆ రోజు ఫోన్ చేసిన నాన్నగారు ఇది చదువుతూ ఉండొచ్చు. సార్, మీ ప్రశ్నకు ఆలస్యంగా జవాబు చెప్తున్నాను. ఎండ విషయంలో మీరు అన్నది నిజం, సరిదిద్దుకున్నాను. మార్కుల విషయంలో, ఈ నెల యూనిట్ టెస్టులో అనుకూలనం ప్రశ్నకు 32 మందిలో ఎవరూ ఒంటె రాయలేదు. శెనక్కాయ, తుమ్మ, సీతాఫలం రాశారు. మీ అబ్బాయి అయితే అలవాటుకూ అనుకూలనానికీ తేడాను నాడి లెక్కలతో సహా రాశాడు. పేపరు ఇంటికి పంపాను, దయచేసి చూడండి.

చివరగా మీ అందరికీ రెండు విన్నపాలు. మొదటిది, వచ్చేది ఎండాకాలం. పిల్లల్ని మొత్తంగా ఏసీ గదిలో ఉంచేయకండి, మిట్టమధ్యాహ్నం ఆటకూ వదలకండి. పొద్దున ఏడుకు ముందు, సాయంత్రం ఎండ దిగాక కాసేపు ఆడనివ్వండి. ఒకేసారి కాకుండా రోజూ కొంచెం కొంచెంగా పెంచండి. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్ళు తాగించండి. సెలవుల్లో మీ ఊరికి వెళ్తే అవ్వాతాతలను అడిగి ఐదు చెట్ల పేర్లు, అవి ఎండను ఎలా తట్టుకుంటాయో పిల్లలతో రాయించండి.

రెండోది, అదే హైస్కూల్లో ఇంకా ఆరుగురు అమ్మాయిలు నడిచే వస్తున్నారు. వాళ్ళ ప్రశ్నల కాగితాలు నా దగ్గర ఉన్నాయి. మీ ఇంట్లో వాడని సైకిల్ ఉంటే పిల్లల డైరీలో రాసి పంపండి. సీటు నుంచి నేలకు ఎంత ఎత్తుందో టేపుతో కొలిచి పక్కనే రాయండి. స్టాండు లేకపోయినా పరవాలేదు, మా దగ్గర ఇంకా రెండు మిగిలాయి.


మీ పిల్లల ఐదో తరగతి సైన్సు టీచర్